ఉమ్మడి

గుంటూరు రిజిస్ట్రారాఫీసు ఎదుట
టార్పాలిన్ కింద ముప్పై ఒక్క ఏళ్లు
ఊళ్లోవాళ్ల హద్దులు రాశాను.
తూర్పు: ఫలానావారి ప్రహరీగోడ.
దక్షిణం: మునిసిపల్ రోడ్డు.
పడమర: సైడు కాలవ.
ఉత్తరం: అమ్మకందారు మిగులు స్థలం.
నాలుగు దిక్కులూ కుదిరాకే
స్టాంపు కాగితం మీద కలం పెట్టేది.

మార్చిలో యార్డు వైపు నుంచి మిరపఘాటు వీస్తే
సంతకాలకొచ్చినవాళ్లంతా ఒకేసారి తుమ్ముతారు.
ఆ ఒక్క క్షణం
అన్నదమ్ములు ఒకే తండ్రి బిడ్డల్లా కనిపిస్తారు.

ఉమ్మడి ఆస్తికి ఒక్కడి సంతకం చాలదు.
మైనరుంటే గార్డియను,
ముసలమ్మ ఉంటే వేలిముద్ర,
మంచం పట్టి ఉంటే ఇంటికే ఇంకుప్యాడు.
అరసెంటు దొడ్డి అమ్మాలన్నా
ఏడుగురూ ఒప్పుకోవాలి.

మా ప్రమీల ఎవర్నీ అడగలేదు.
ఆదివారం చర్చి నుంచి వచ్చి
పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతుండగా
చిన్న గొట్టంలో గీత దాకా ఉమ్మింది.
సగం ధరట.
అమ్మను తినేసిన షుగరు తనకొస్తుందో రాదో
ముందే చెబుతారట.
"నా ఉమ్మే కదన్నయ్యా!"
అరండల్‌పేట కొరియరు కుర్రాడు తూకం వేసి
రసీదు రాశాడు:
బరువు యాభై గ్రాములు. విలువ లేదు.

విలువ లేదు.

ఆ గొట్టంలో నేనున్నాను, సగానికి సగం.
మా తమ్ముడున్నాడు, వాడి ఇద్దరు కూతుళ్లున్నారు,
చిన్నదానికింకా పాలపళ్లు ఊడలేదు.
మిషన్ ఆసుపత్రి మెట్ల మీద
పాతచీర ముక్కలో దొరికిన
మా నాయనమ్మ కరుణమ్మ ఉంది.
బాప్తిస్మం పుస్తకంలో ఆమె తండ్రి పేరు దగ్గర
ఒక అడ్డగీత.
ఎవరని అడిగితే "దేవుడికి తెలుసు" అనేది,
ఆయనకొక్కడికి తెలిస్తే చాలన్నట్టు.
ఇప్పుడు ఇంకెవరికో కూడా తెలుసు.

ప్రమీల టిక్కు పెట్టిన పత్రం తెప్పించుకుని చదివాను,
వృత్తి కదా.
నలభై పేజీలు, చీమతలకాయంత అక్షరాలు.
సాక్షులు లేరు. చెక్కుబందీ లేదు.
కంపెనీ చేతులు మారితే
మీ వివరాలూ కొన్నవాడి వశమగును అన్న ముక్క
ముప్పై మూడో పేజీలో ముడుచుకుని కూర్చుంది.
నేను రాస్తే ఆ ముక్క మొదటి పేజీలో ఉండేది.
ఒకటికి రెండుసార్లు బిగ్గరగా చదివి వినిపించి మరీ
వేలు పట్టుకునేవాణ్ణి.

మూడు నెలలకు ఫలితం:
షుగరు రావచ్చు, రాకపోవచ్చు.
దాని కింద, అడక్కుండానే, ఒక మనిషి.
రక్తసంబంధీకుడు.

ఆ ఇంటిపేరు ఇక్కడ రాయను.
బ్రాడీపేటలో మేడ, చేబ్రోలు దారిలో పొలం,
వాళ్ల భాగపంపకాల దస్తావేజు రాసింది నేనే.
"మేము తప్ప మా తాతగారికి
వేరే వారసులు ఎవ్వరునూ లేరని
ఇందుమూలముగా..."
ఆ వాక్యం నా చేతిరాత.
కొట్టివేతలు లేవు అని కింద రాసిందీ నేనే.

ఆ ఇంటి కుర్రాడు ప్రమీలకు మెసేజీ పెట్టాడు:
"మీరెవరండీ?"
పాపం, వాడికీ తెలియదు
తనెవరి గుట్టు మోసుకొచ్చాడో.
పొలం కోసం వచ్చామనుకుంటారు.
నాయనమ్మ కోసమని చెబితే
అసలే నమ్మరు.

ప్రమీల భయపడి, అన్నీ తీసెయ్యమని రాసింది.
తీసేశామన్నారు,
అప్పటికే ఇచ్చినచోట్ల నుంచి మాత్రం
వెనక్కి రావన్నారు.
ఉమ్మికీ ఉమ్మడికీ ఎంతో దూరం లేదే పిచ్చిదానా,
అందామనుకుని ఊరుకున్నాను.

ఈ పొద్దున పెదకాకాని నుంచి ఒక ముసలావిడ,
కొడుకులకు గిఫ్టు డీడు.
పది వేళ్లూ కంప్యూటరు గాజు మీద పెట్టించి,
కళ్లెదుట కెమెరా పెట్టి,
చివర పాతపద్ధతిలో ఎడమ బొటనవేలు సిరాలో అద్దాం.
మరకను తలకు రాసుకుంటూ
నా వైపు వంగి అడిగింది:
"ఇంకేం తీసుకోరు గదా, నాయనా?"

మాట రాలేదు.
నోట్లో ఊరిన ఉమ్మి
మింగాను.