అరువు కోటు

పెట్టె మూత మీద బెన్‌చిక్ స్టూడియో అని పెయింటు.
యంగ్స్‌టౌన్ లైబ్రరీ నేలమాళిగలో
గాజు పలకలు, అరచేతికన్నా కాస్త పెద్దవి,
ఒక్కోటీ పల్చటి కాగితంలో చుట్టి.
వారానికి రెండు మధ్యాహ్నాలు నాకిదే పని:
అద్దం బల్ల కింద దీపం వెలిగించి
పలక పైన పెట్టి
ఎవరో, ఏ సంవత్సరమో చీటీ మీద రాయడం.

నెగటివ్‌లో అంతా తిరగబడ్డ లోకం.
ఉతికిన చొక్కా బొగ్గు. కనుపాప పాలచుక్క.
కొలిమి దగ్గర పన్నెండు గంటలు నిలబడి వచ్చినవాడి
గోళ్ళలో ఇరుక్కున్న మసి
వెన్నెలలా మెరుస్తుంది.
అలబామా నుంచి వచ్చిన టిబ్స్ తెల్లటి మనిషి,
స్లొవాకియా కొండల నుంచి వచ్చిన హ్రివ్‌నాక్ నల్లటివాడు.
ఇద్దరినీ ఒకే హోటల్లో కూచోనివ్వని ఊరు
గాజు మీద తికమకపడిపోయి ఉంది.

మొదటి నెలంతా ముఖాలే చూశాను.
నూనె రాసి అణిచిన పాపిళ్ళు,
బిగుసుకున్న కాలరులో మింగుడుపడని గుటకలు.
కోటును చూడలేదు.

మార్చిలో ఒకరోజు, జలుబుతో తుమ్ముతూ
ఒకదాని మీద ఒకటి మారుస్తుంటే
ఎడమ మణికట్టు దగ్గర రెండో గుండీ,
మిగతా వాటికన్నా చిన్నది.
ఇంకో మనిషి. అదే గుండీ.
ఇంకో మనిషి.

పలకలన్నీ మొదటి నుంచీ తీశాను.
నూటపదకొండు మంది. ఒక్కటే కోటు.
హ్రివ్‌నాక్‌కి చేతులు వేళ్ళ దాకా జారాయి,
అదే మంచిదైంది, రెండు వేళ్ళు రోలింగ్ మిల్లు తినేసింది.
టిబ్స్ భుజాలకి పట్టలేదు,
వెనక కుట్టు విప్పేసి ఉంటారు,
ముందు నుంచి ఏం తెలుస్తుంది?
పదిహేనేళ్ళ వాడొకడు దాంట్లో
గంటలో నాలుకలా వేలాడుతున్నాడు.

ఖాతా పుస్తకం కూడా ఉంది:
ఫొటో డెబ్బై ఐదు సెంట్లు. కోటుకి డబ్బుల్లేవు.
బూట్లు కావాలంటే ఐదు సెంట్లు.
బూట్లు ఏ ఫొటోలోనూ పడలేదు.
అయినా ముప్ఫై మంది ఐదేసి సెంట్లు కట్టారు.

అరువు సొమ్ము బరువు చేటంటారు.
ఈ అరువు నాలుగు నిమిషాలే.
ఆ నాలుగు నిమిషాలూ
ఓడ టికెట్టుకి అప్పిచ్చిన షావుకారు కోసం,
పిల్లనివ్వనన్న మేనమామ కోసం,
ఆరోజు జేబులో ఏమీ లేదని
తనకు తానే చెప్పుకోకుండా ఉండటం కోసం.

ఒకే కొండపల్లెకి నాలుగు ఫొటోలు వెళ్ళినట్టు లెక్కలో ఉంది.
నలుగురు వేరు వేరు మగవాళ్ళు, ఒకే కోటు.
అక్కడ పోస్టాఫీసులో ఎవరో ఒకామె
కవర్లు తెరిచినవాళ్ళ భుజం మీంచి తొంగిచూసి
ఆ గుండీ పసిగట్టే ఉంటుంది.
ఎవరితోనూ అని ఉండదు.
నాకు అలా అనుకోవాలని ఉంది.

పెట్టె అడుగున, వరసలో లేని పలక.
కిటికీ పక్కన ఒక స్త్రీ, ఒళ్ళో కోటు,
పళ్ళ మధ్య దారం.
కెమెరా కన్ను తెరిచి ఉండగానే తల తిప్పింది,
ముఖం పొగలా చెదిరిపోయింది.
సూది మాత్రం స్పష్టంగా ఉంది.
బెన్‌చిక్ భార్యేమో. అద్దెకున్నదేమో.
చీటీ మీద పేరు గడిలో రాశాను:
గుండీ కుట్టిన మనిషి.

పై అధికారి మిస్ డోర్సెట్ కొట్టేసింది,
పెన్సిలుతో, మెత్తగా:
పేరు తెలియదు.

ఇంకొక్కటి. పంతొమ్మిదివందల పద్దెనిమిది, నవంబరు.
ఓజెల్లా ప్రూయిట్, లాండ్రీ పనిమనిషి.
ఖాతాలో బెన్‌చిక్ చేతిరాత:
శాలువా ఇచ్చాను, వద్దంది.
కుర్చీ ఇచ్చాను, వద్దంది.
తడి ఆప్రాన్‌తో నిలబడి ఉంది,
మోచేతుల దాకా మడిచిన చేతులు,
ఆవిరికి ఉబ్బిన వేళ్ళు అందరికీ కనబడేలా ముందుకు చాచి.
డబ్బులిచ్చింది గానీ
ఫొటో తీసుకెళ్ళడానికి రాలేదు.

దీపం ఆర్పడానికి లేచి
మళ్ళీ కూచున్నాను.