ఎనభై ఒకటి

పుస్తకం జర్మనీ నుంచి వచ్చింది.
నూట పది, అంది.
నా చేతిలో పాన వెర్నా వాళ్ళ నాన్నది.
దాని పలక మీది ముల్లు అరవై ఏళ్ళుగా
అడుగు-పౌన్లలో తప్ప ఊగి ఎరగదు.
నేను చూసింది అంకె ఒక్కటే.
అంకె పక్కన న్యూటన్ మీటర్లనే చిన్న అక్షరాలు
గ్రీజు మరక కింద ఉన్నాయని
ఇప్పుడు చెప్పుకుని ఏం లాభం.

ఏడో బోల్టు.
ముల్లు తొంభై దాటింది, వంద దాటింది,
చేతి కింద ఇనుము ఉన్నట్టుండి
పాకం ముదరని బెల్లంలా మెత్తబడింది.
ఆ తర్వాత
టప్.

ఫిబ్రవరి. న్యూఫౌండ్‌లాండ్ దక్షిణ తీరం.
షెడ్డు రేకుల మీంచి మంచు జారుతున్న చప్పుడు.
ఇంజను మూత తీయించుకుని
పీతల పడవ మేవిస్ జేన్
చెక్క దిమ్మల మీద వెల్లకిలా నోరు తెరిచినట్టుంది.
ఏప్రిల్‌లో వేట.

వెర్నా పార్డీ తిట్టలేదు. తిడితే బాగుండేది.
పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రమా
అన్నట్టు ఒక చూపు చూసి
ముందు బిగించిన ఆరింటినీ విప్పమంది.
అవి విరగలేదు, సాగాయి.
సాగిన బోల్టు పైకి బాగానే కనిపిస్తుంది,
అదే దాంతో వచ్చిన చిక్కు.
ఆరూ డబ్బాలో పడ్డాయి, ఒక్కొక్కటే, ఆవిడ వింటుండగా.

ఇనుప తలుపు మీద సుద్దముక్కతో రాసింది:
110 × 0.7376.
కింద గీత. గీత కింద 81.136.
ఎనభై ఒకటి, అంది.
చివరి ఆ కాస్త?
ఉప్పుగాలికి వదిలెయ్.

అప్పుడు నన్ను దుకాణానికి పంపింది, వెన్న కోసం.
పొట్లం మీద 454 గ్రాములని ఉంటుంది.
దేశం మీటర్లకు మారి నాకంటే ఎక్కువ వయసయింది,
ఈ రేవులో మాత్రం దాన్ని పౌను అనే అడుగుతారు.
అడుగు పొడవు బద్ద చివర దాన్ని కట్టి
రెండో కొస నా పిడికిట్లో పెట్టింది.
మణికట్టులో సన్నగా ఒక మెలి మొదలైంది.
ఇదీ ఒక అడుగు-పౌను.
తర్వాత మీటరు బద్ద, దాని చివర చిన్న ఆపిల్.
ఇదీ ఒక న్యూటన్ మీటరు.
బద్ద బరువు కలవదా అన్నాను.
కలుస్తుంది, నోరు మూసుకో.
ఏది ఎక్కువ?
కళ్ళు మూసుకుని చెప్పాను: వెన్న.
ఎంత ఎక్కువ?
మూడోవంతు. ఇంకొంచెం.
తల ఊపి ఆపిల్ విప్పి కొరికింది.

విరిగిన ముక్క బయటికి రావడానికి రెండు రోజులు.
ఎడమకి తిరిగే బిట్టు, నూనె, దీపం,
నా గొంతులో ఎవరి పేరూ లేని ఒక బూతు.
పాన మీద అడుగు అని రాసే ఉంది.
నేను అడగలేదు.

కొత్త బోల్టులు వచ్చాయి. పదీ
మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో.
అంతకుముందు రాత్రి మేకు మొనతో
పలక మీద ఎనభై ఒకటి దగ్గర సన్నగా గీత గీశాను.
వెర్నా చూసింది. బొటనవేలితో తడిమింది.
మా నాన్న దీంతో నలభై రకాల ఇంజన్లు బిగించాడు,
నువ్వు దీనికి ఒక్కదాన్నే నేర్పావు, అంది.
చెరపలేదు మరి.

మార్చి చివర లాంబర్ట్ హైన్స్ పడవ చూసుకోవడానికొచ్చాడు.
చలి సెల్సియస్‌లో, డీజిల్ లీటర్లలో,
ఒంటి బరువు పౌన్లలో, పీతలున్న లోతు బారల్లో,
అన్నీ ఒకే వాక్యంలో, తడుముకోకుండా.
బార అన్నప్పుడు చేతులు రెండూ చాచాడు,
ఒక చెయ్యి వెర్నా టీకప్పుకి తగిలింది.
మూత ఎంతకి బిగించారు?
ఎనభై ఒకటి, అన్నాను నేను ఛాతీ విరుచుకుని.
ఆయన చాచిన చేతులు ఇంకా దించలేదు.
ఎనభై ఒకటి
ఏంటి?

వెర్నా కప్పు కింద పెట్టి నా వంక తిరిగింది.