తొడిమ

కొత్తపేటలో ఖాజావలి ఫ్రేముల కొట్టు.
యార్డు నుంచి వచ్చే షేరింగ్ ఆటో అబ్బాయి
సరిగ్గా దాని ముందే దింపి
చిల్లర లేదంటాడు రోజూ.
దేవుళ్ళ మధ్య, పెళ్ళిళ్ళ మధ్య,
దండలేసిన పెద్దవాళ్ళ మధ్య
ఎవరిదో తిండి ఫోటో ఒకటి తగిలించాడు మొన్న.
రంగుల్లేవు.

సొట్టపడ్డ సత్తు గిన్నె.
అందులో నీళ్ళన్నం.
పక్కన ఉల్లిపాయ, కత్తితో కోసింది కాదు,
గుప్పిట్తో గుద్ది పగలగొట్టింది.
ఆకలి మీదున్న చెయ్యి అది, నాకు తెలుసు.
పేపరు ముక్క మీద కల్లుప్పు.
ఒక ఎండుమిరపకాయ.

పొద్దున ఏడింటి నుంచి నేను ఎరుపులో కూర్చుంటాను.
కుప్ప ఎరుపు, గోనె ఎరుపు,
కొంగు ఏ రంగుదైనా మధ్యాహ్నానికి ఎరుపే.
ఇంటికెళ్ళి కళ్ళు మూసుకున్నా
రెప్పల లోపల ఎవరో
టిక్కీలు విప్పి పోస్తూనే ఉంటారు.

ఈ బొమ్మ ముందు నిలబడితే
కళ్ళకి మజ్జిగ పోసినట్టుంది.

రంగు తీసేస్తే ఇంకేం మిగులుతుందిలే అనుకున్నాను.
ఉల్లిపొర మీద కిటికీ మిగిలింది,
గోరంత.
గిన్నె సొట్టలో ఇంకో చిన్న గిన్నెడు చీకటి.
మెతుకు మెతుక్కీ దాని నీడ దానికుంది.
ఉప్పుకి కూడా.
రోజూ తినేదాన్నే,
ఉప్పురాయికి నీడుంటుందని చూళ్ళేదెప్పుడూ.

మిరపకాయని మాత్రం పోల్చేశాను.
తేజ కాదు, అంత సన్నం లేదు.
బాడిగైతే ఒళ్ళంతా ముడతలుండాలి.
మూడొందల ముప్పై నాలుగు. ఒట్టు.
ఎరుపు లేకుండా కాయని గుర్తుపట్టానని చెప్తే
పక్క కుప్ప దగ్గర బుల్లెమ్మ పగలబడి నవ్వింది:
"కిలోకి ఎంతిస్తాడే ఆ ఫోటో ఆయన?"

ఇవాళ దగ్గరికెళ్ళి చూద్దును కదా,
తొడిమ ఉంది దానికి.
తియ్యలేదెవరూ.
ఇరవయ్యేళ్ళ అలవాటు, చెయ్యి ఊరుకుంటుందా,
బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే వెళ్ళి
అద్దాన్ని గిల్లాయి.

"అమ్మా, ముట్టుకోకు" అంటూ వచ్చి
ఖాజావలి తువ్వాలుతో అద్దం తుడిచాడు.
అదే తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.
ఇంక చూడు తుమ్ములు,
గోడమీద దేవుళ్ళు కూడా ఉలిక్కిపడేలా.

"రంగు లేదుగానీ
ఘాటేం తగ్గలేదయ్యా" అన్నాను.

తుమ్ముతూనే
స్టూలు నా వైపు జరిపాడు.