ఉత్త మట్టి

పగలంతా కడియపులంకలో
నల్ల కవర్లలోకి మట్టి ఎత్తుతాను.
నోరు తిరగని పేర్ల మొక్కలు,
లారీ ఎక్కాయంటే ఎవరి గేటు దగ్గర దిగుతాయో.
కవరుకింతని కూలి.
గోళ్ళ సందున ఇరుక్కున్న మట్టి మాత్రం
నాతో ఇంటికొస్తుంది.

ఇంటి వెనక నా జాగా
రెండు నులకమంచాలు పట్టేంత.
గోడవార డిసెంబరాలు,
నుయ్యి పక్కన విషముంగలి,
దడి మీద ఎవరూ పాకించని శంఖుపూల తీగ.
ఆ మూల మాత్రం ఉత్త మట్టి.
కోళ్ళు గీరకుండా
చుట్టూ కొబ్బరి మట్టలు పాతాను.

"ఏం పెట్టావే అక్కడ?" అంటుంది మంగతాయారు.
"కొండకలువ."
"ఏదీ?"
"పడుకుంది."
నవ్వి, కడుగునీళ్ళు అటే పోయబోతుంది.
వద్దొద్దంటాను,
నిద్రలో తడిస్తే కుళ్ళిపోద్ది.

పదహారేళ్ళ కిందట లంకలో పడవ దిగి
సంగాని మాణిక్యం గడపలో మంచినీళ్ళడిగాను.
చెంబుతో పాటు
అల్లం కొమ్ములాంటిదొకటి నా కొంగున కట్టింది.
"ఆకులు రాలాక చచ్చిందనుకుని
పీకి పారెయ్యకమ్మా."
ఇంకేం చెప్పలేదు.

ఆ పెరడు ఇప్పుడు లేదు.
గట్టు ఏడాదికింత విరిగి
ముందు గేదెల పాక, తరవాత పొయ్యి,
ఆఖరికి నేను నీళ్ళు తాగిన గడప
గోదాట్లోకి జారిపోయాయి.
మాణిక్యం యానాం వెళ్ళిందంటారొకరు,
కాదంటారింకొకరు.

మొన్న శ్రావణంలో మా సందులోకీ ఎర్రనీళ్ళు,
మోకాటి దాకా, మూడు రోజులు.
ఆకులతో సహా దుంపని పెళ్ళగించి
అటక మీద బియ్యం డబ్బాలో పెట్టాను,
రేషన్ కార్డు పక్కన.
నీళ్ళు తీశాక, ఒండ్రు మీద ఒండ్రు కప్పి
మళ్ళీ అదే మూల పాతాను.
బతికిందో లేదో తవ్వి చూడాలని
ఎన్నిసార్లు చెయ్యి దురద పెట్టిందో!
చూళ్ళేదు.

కాలవలు కట్టేశారు.
నూతిలో చేద అడుగుకి కొట్టుకుంటోంది.
ఇవాళ తెల్లారుజామున
క్యారేజీ పట్టుకుని బయల్దేరబోతుంటే
మట్టి నెర్రె పాయగా విచ్చి ఉంది.
ఆకు లేదు, కాడ లేదు,
నేలలోంచే సూటిగా
తెల్లటి రెక్కలు, లోపల వంగపండు రంగు నాలిక.
వంగాను. వాసన.
మధ్యాహ్నానికి వాడిపోతుందని తెలుసు,
అక్కడే గొంతుక్కూచున్నాను
రెండు ఆటోలు పోనిచ్చి.

"ఏం, ఆలీసం?" అన్నాడు మేస్త్రి.
"ఇంట్లో ఒకళ్ళు నిద్ర లేచారండి" అన్నాను.
ఆయన పుస్తకం తీసి
నా పేరుకి ఎదురుగా రాసుకున్నాడు:
నలభై కవర్లు తక్కువ.