పదకొండో కాగితం

షెట్లాండ్ దీవుల్లో చెట్లు తక్కువ.
మా స్థలంలో అసలే లేవు.
అయినా మొదటి కాగితం మీద లౌరీ ఒకటి గీశాడు,
చిన్నపిల్లలు ఇల్లు గీసి పక్కన గీస్తారే, అలాంటిది.
నేనే చెరిపేశాను.
ఆ రబ్బరు పొట్టు ఇంకా బల్ల సందులో ఉంది.

బల్ల అంటే బల్ల కాదు,
కారవాన్ గోడ నుంచి కిందికి వాలే పలక.
నాలుగు మూలలా ఇనుప తాళ్ళతో నేలకి కట్టేసిన కారవాన్,
పాలకోసం గుంజుకునే దూడలా
రాత్రంతా గుంజుకుంటూనే ఉంటుంది.
అందులో పడుకుని మేము
గోడల మందం గురించి మాట్లాడుకుంటాం.

పడవ మీద నా డ్యూటీ దిగాక
ఓట్స్ అట్టపెట్టె చించి
నూరింట ఒక వంతు కొలతకి
మంచం కోశాను, స్నానపు తొట్టి కోశాను,
గొర్రెల మందులు పెట్టే లౌరీ అలమర కోశాను.
వాటిని అటూ ఇటూ జరుపుతూ
పులిజూదం ఆడినట్టు ఆడాం.
ప్రతిసారీ అలమరే గెలిచేది.

మూడో కాగితంలో వంటిల్లు సముద్రం వైపు.
నాలుగులో లౌరీ దాన్ని కొండవైపు తిప్పాడు.
"రోజంతా నీళ్ళ మీదే ఉంటావు కదా ఓస్లా,
ఇంటికొచ్చి మళ్ళీ అవేనా?"
అవే.
నన్ను తడపని సముద్రం ఒక్కటైనా కావాలి
అని అప్పుడు తట్టలేదు, గిన్నెలు కడుగుతుంటే తట్టింది.
అప్పటికి తను నిద్రపోయాడు.

గుమ్మం గురించి మాత్రం గొడవ లేదు.
ఎటు ఉండాలో గాలి ఎప్పుడో చెప్పేసింది.
నైరుతికి తలుపు పెట్టినవాడు
ఆ తలుపుని పక్క దీవిలో వెతుక్కోవాలి.

ఆరో కాగితంలో నడవా వచ్చింది, పొడుగ్గా.
నాకు నడవాలు పడవు.
లెర్విక్‌లో మా కౌన్సిల్ ఇంట్లో ఒకటుండేది.
దాని చివర నాన్న బూట్ల చప్పుడు విని
ఆ రాత్రి ఎలా ఉండబోతోందో
లెక్కకట్టుకుంటూ పెరిగాను.
ఇదంతా లౌరీకి చెప్పలేదు.
"చోటు దండగ" అన్నాను.
ఏడో కాగితంలో నడవా లేదు.
ఎందుకని అడగలేదు తను.
ఆ చోటంతా తీసుకెళ్ళి వంటింట్లో కలిపి
కిటికీని మళ్ళీ సముద్రం వైపు తిప్పాడు.

ఎనిమిది, తొమ్మిది మెట్ల గురించి.
వాటి మాట వద్దు.

పదోది ప్లానింగ్ ఆఫీసుకి పట్టుకెళ్ళాం,
దరఖాస్తు కాదు, ఊరికే, ఏమంటారో చూద్దామని.
మెర్రన్ అని ఒకామె, కళ్ళద్దాలు నుదుటికి తోసి
"కప్పు ఎత్తు తగ్గించండి, కొండ గీతని దాటకూడదు" అంది.
మెట్ల గొడవ ఆ మాటతో తీరింది.
కొండకి గీత ఉంటుందని నాకు తెలీదు.
తిరిగొచ్చేటప్పుడు కారాపి చూశాం.
ఉంది,
ఒక్కసారి కూడా రబ్బరు తగలని గీత.

పదకొండోది మడిచి జేబులో పెట్టుకుని
నిన్న స్థలంలో మేకులు కొట్టాం,
చేపలవల నీలం తాడు లాగాం.
జూన్ కదా, రాత్రి పదకొండైనా చీకటి పడదు.
ఎంత చిన్న ఇల్లో!
కాగితం మీద పదిమంది పట్టిన హాలు
ఆకాశం కింద చేతిరుమాలంతైంది.
స్నానాలగదిలో గొర్రె ఒకటి మేస్తోంది.
లౌరీ పడకగదిలో నిలబడి, చేతులు చాచి
"ఇంతేనా?" అన్నాడు.
నేను వంటింట్లో ఉన్నాను, పలకలేదు.
సముద్రం నా మోచేతి ఎత్తున
సరిగ్గా కుళాయి రావాల్సిన చోట ఉంది.

ట్రైలర్ అరువడగడానికి టామస్ వచ్చాడు,
కంచె దాటి, వాలు దిగి, అడ్డదారిన.
తాడు దగ్గరికొచ్చి ఆగాడు.
కాలెత్తితే చాలు.
ఎత్తలేదు.
గోడ పొడుగునా నడిచి, మూల తిరిగి,
మేము తాడు కట్టకుండా వదిలిన మూడడుగుల సందు దాకా పోయి
గడ్డికి బూట్లు రాసుకుని
లోపలికొచ్చాడు.

"కూర్చో" అన్నాడు లౌరీ.
ఎక్కడని ముగ్గురం చుట్టూ చూశాం.

ట్రైలర్ గురువారానికి ఇస్తామన్నాం.
హాలు ఇంకో రెండడుగులు జరపొచ్చేమో,
అలమర ఒప్పుకుంటే.