పద్నాలుగు గోతాలు

మైకు మూడువేల నాలుగొందలు.
వాడిందే. తెనాలిలో ఓ పెళ్లిబ్యాండు కుర్రాడు
బ్యాండు మానేసి టైర్ల షాపు పెట్టుకుంటూ అమ్మాడు.
జాలీకి చిన్న సొట్ట.
"దెబ్బ పైకే, లోపల బాగానే ఉంది" అన్నాడు
ఎవరో మనిషి గురించి చెప్పినట్టు.

సౌండుకార్డు వాయిదాల మీద.
స్టాండు, చెడిపోయిన టేబుల్ ఫ్యాను కాడ.
మైకు ముందు గుండ్రటి తెర
మా ఆవిడ కుట్టుఫ్రేములో బిగించిన
నైలాన్ చున్నీ ముక్క.
హెడ్‌ఫోన్సులో ఒక చెవే పలుకుతుంది,
రెండోది నేను ఊహించుకుంటాను.

గది మాత్రం మాట వినలేదు.
సంగడిగుంటలో మేడ మీద, పదికి ఎనిమిది,
సిమెంటు గోడలు, పైన రేకు.
ఒక్క చప్పట కొడితే
నాలుగు గోడలూ తలా ఒకటి తిరిగిచ్చేవి
బాకీ ఉంచుకోనట్టు.
నురగ పలకల రేటు అడిగి
ఫోను పెట్టేశాను.

పగలు నేను మిర్చియార్డులో కాటా గుమాస్తాని.
షావుకారు చినపుల్లయ్య
చిరుగులు పడ్డ గోతాలు పద్నాలుగు
తూకం వెయ్యకుండానే ఇచ్చాడు.
వాటిలోకి, నల్లపాడు దారిలో జిన్నింగు మిల్లు
ఊడ్చి పారేసిన చెత్తదూది.
కుట్టి, మేకులు కొట్టి, వేలాడదీసి
చప్పట కొట్టాను.
అక్కడికక్కడే చచ్చిపోయింది.
ఆ సంబరంలో నాలుగుసార్లు తుమ్మాను.
ఐదోసారికి అర్థమైంది.

ఉతికాను. ఎండేశాను. మళ్లీ ఉతికాను.
గోతాం మరవదు.
బ్రాడీపేట నుంచి వచ్చిన కుర్రాడు
పల్లవి దాటలేదు.
కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగుతుంటే
"ఏం పాటో పాపం" అంది కింద వాటా జరీనా.

ఆరో రోజు రాత్రి సామ్రాజ్యం వచ్చింది.
ఇరవయ్యేళ్లుగా తేజా కాయలకి ముచ్చికలు తీస్తున్న మనిషి.
టిక్కీల నీడన కూచుని తనే కట్టుకున్న పాట,
రాసి పెట్టుకోలేదు, రాయడం రాదు.
మనవరాలి ఫోనులో ఉండాలంట.

ఫ్యాను ఆపాను. కిటికీ మూశాను.
మే నెల. రేకు కింద ఇద్దరం ఉడుకుతున్నాం.
తెర మీద పచ్చగీత చూపించి
"ఇది ఎర్రబడకుండా పాడాలమ్మా" అన్నాను.
నవ్వింది.
"ఎరుపుతోనే కదయ్యా మనకి కూలి."
కొంగుతో మెడ తుడుచుకుని
గోతాన్ని ఒకసారి వాసన చూసి
పనిలోకి దిగినట్టు నిలబడింది.

ఒక్క టేకు.
మూడో చరణం దగ్గర ఎర్రబడింది. నేను ఆపలేదు.
ఎక్కడో గూడ్సుబండి కూత, అదీ పడింది.
ముక్కు గట్టిగా మూసుకుని
కళ్లనిండా నీళ్లతో కూచున్నది నేనే.

హైదరాబాదులో స్టూడియో ఉన్నాయన ఒకరు విని,
ఆ గొంతుకి ఆ కారం
ఏ ప్లగిన్‌తో పెట్టావని అడిగాడు.
గోతాలన్నాను.
జోకనుకుని నవ్వాడు.

పదిహేనోది దొరుకుతుందేమో చూస్తున్నాను.
తలుపు వెనక ఇంకా కాస్త మోగుతోంది.