పలక కింది పడుగు

హన్మకొండ చౌరస్తాల మెట్ల కింద నా దుకాణం.
పగిలిన ఫోన్లు, చార్జర్లు, గరగరమనే ఒక ఫ్యాను,
ఆడెపు రజిత తెచ్చిన ఈ నల్ల పలక.

"అడ్డగీత గీస్తే ఒక్క కాడనే వంకర పోతంది అన్నా.
ఎప్పుడు గీసినా గదే కాడ."
కొత్తవాడల జంపఖానాలకు నమూనాలు గీస్తది ఆమె.
వెంట వచ్చిన చిప్ప రాజమల్లు
స్టూలు మీద కూసోని
తెర దిక్కు ఒక్కపారి చూసి అన్నడు:
"పోగు తెగింది."

నాకు నవ్వొచ్చింది.
స్క్రూలు విప్పి పైరేకు లేపినంక
నవ్వు ఆగింది.

నిలువున రాగి తీగలు,
వాటి కింద అడ్డంగ రాగి తీగలు,
వెంట్రుకంత సన్నం.
నాడె ఎన్నడూ ఉరకని మగ్గం.

"మరి పెన్నుల ఏముంటది?"

ఏముండదు పెద్దయ్యా.
బ్యాటరీ లేదు, సిరా లేదు.
ఒక తీగచుట్ట, జొన్నగింజంత కెపాసిటర్.
పలకనే ముందు పిలుస్తది,
పిలిచి నోరు మూసుకుంటది.
ఆ పిలుపుకు పెన్నుల చుట్ట మోగుతది,
పిలుపు ఆగినంక కూడ ఇంకింత మోగుతది,
ఇత్తడి బిందెను వేలితోని కొట్టి
చెయ్యి తీసినంక మోగినట్టు.
ఆ మిగిలిన మోత కోసమే పలక చెవి పెడ్తది.
ఏ తీగకు గట్టిగ వినబడ్డదో పెన్ను దాని దగ్గర.
అటు పక్క తీగకెంత, ఇటు పక్క తీగకెంత
అని కూడ అడిగి,
తీగకు తీగకు నడుమ
ఏ తీగా లేని జాగల సుత
ఇగో ఇక్కడ, అని చెప్తది.
నొక్కి పడితే మోత మారుతది,
గీత లావైతది.

"అంటే సగం పొద్దు వినుడే దాని పని" అన్నడు రాజమల్లు.
"తెగిన పోగేమో వినదు.
పక్కవి దాని మాట కూడ తామే చెప్పవోయి
తప్పు చెప్తయి."

ఇరవై ఏండ్ల సంది ఈ పని చేస్తున్న,
ఇట్ల నాకెవలూ చెప్పలే.

భూతద్దం కింద తెగిన చోటు దొరికింది.
ఇంత రాగి పోగు తీసి అతుకు పెడుతుంటే
ఆయన మెడ ముందుకు సాపిండు.
"ముడి వెయ్యవా?"
ముడి కాదు, సీసం బొట్టు.
"మేమైతే బూడిద అద్ది నులుముతం."

రజిత గీసింది. గీత వంకర పోలే.
"నువ్వు సూడు బాపూ" అని పెన్ను ఆయన చేతిల పెట్టింది.

పలకకు వేలెడు పైన ఆపిండు.
అప్పటికే తెర మీద బాణం గుర్తు
వచ్చి నిలబడ్డది.
"ఆనకముందే ఎట్ల తెలిసె?"

చెప్తమనుకున్న గని
బాణం వణుకుతంది.
చిన్నగ, ఆగకుంట.
ఫ్యాను బంద్ చేసిన. అయినా వణికింది.
నా అతుకే తప్పిందేమోనని
సోల్డరింగ్ ఐరన్ మళ్ళ అందుకుంటుంటే
రజిత నా దిక్కు చూసి
తల అడ్డంగ ఊపింది.

అప్పుడు చూసిన ఆయన చెయ్యిని.

పెన్ను మొన ఆనిచ్చిండు.
ఈ అంచు నుంచి ఆ అంచుకు
నాడె విసిరినట్టు ఒక్క గీత.
వణుకు లేదు. గుంజి కట్టిన పడుగులెక్క
బిర్రుగ ఉన్నది.
మొన లేపిండు, మళ్ళ వణుకు.

ఫ్యాను వెయ్యడం మర్చిపోయిన.
సెట్టింగుల వణుకు తీసేసేది ఒకటుంటది అన్న.
ఇద్దరూ ఏం మాట్లాడలే.

"గింత సన్నగ వింటదా ఇది" అన్నడు చానసేపటికి,
పలకతోననో నాతోననో.

పెన్ను బల్ల మీద పెట్టిండు, పలకకు జానెడు అవతల.
చెయ్యి అంగీ జేబుల పెట్టుకొని
"ఎంతయింది?" అని అడిగిండు.

తెర మీద బాణం
ఆఖరుకు ఆయనను విన్న కాడనే
కదలకుంట ఉన్నది.